ఈ రోడ్డు ఎవరిది? ఫుడ్ ట్రక్కుల అనుమతులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తిరుపతి చుట్టుపక్కల పంచాయతీల నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ట్రక్కుల గురించే. కొన్ని పెట్టేవాళ్లవి, కొన్ని ఆ ట్రక్కులతో ఇబ్బంది పడేవాళ్లవి. ఒకే సందేహం నలుగురు అడిగినచోట ఒక్క జవాబే ఇస్తున్నాం.

ప్రశ్న: చిన్న ట్రక్కు కొని ఎర్రకారం దోసె, పొంగణాలు అమ్మాలని మా ఇంట్లో అందరం అనుకుంటున్నాం. ఇల్లు అవిలాలలో. సాయంత్రాలు అన్నమయ్య సర్కిల్ దగ్గర నిలిపితే గిరాకీ బాగుంటుందని మా ఆయన అంటారు. మా లేఅవుట్ మెయిన్ రోడ్డు చాలని నా ఉద్దేశం. అనుమతి కార్పొరేషన్‌లో తీసుకోవాలా, పంచాయతీలోనా? ఒకచోట తీసుకుంటే రెండోచోట చెల్లుతుందా?
– పాఠకురాలు, అవిలాల

జవాబు: చెల్లదు. ట్రక్కుకు చక్రాలున్నాయి గానీ అనుమతికి లేవు. అది మీరు నిలిపే చోటుకు కట్టుబడి ఉంటుంది. అందుకని వంటకాల జాబితా కన్నా ముందు తేల్చుకోవలసింది ఆ రోడ్డు ఎవరిదన్నది.

తిరుపతి శివార్లలో ఒక వీధి కార్పొరేషన్‌లో, పక్క వీధి పంచాయతీలో ఉండడం మామూలే. మీరు అనుకున్న చోట ఎవరింటి పన్ను రసీదైనా అడిగి చూడండి. దానిమీద కార్పొరేషన్ పేరుందా, గ్రామ పంచాయతీ పేరుందా అన్నదే మీ మొదటి సమాధానం. విలీనాలతో హద్దులు మారే రోజులు కాబట్టి పాత రసీదు వద్దు, ఈ ఏడాదిది చూడండి.

కార్పొరేషన్ పరిధి అయితే వీధి వ్యాపారుల చట్టం, 2014 వర్తిస్తుంది. వీధి వ్యాపారుల సర్వేలో పేరు నమోదు కావాలి. ఆపైన టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు వస్తాయి. ఈ కమిటీకి మునిసిపల్ కమిషనర్ అధ్యక్షులు. సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. సర్వే అయిదేళ్లకు ఒకసారైనా జరగాలి. జోను జనాభాలో రెండున్నర శాతం మేరకు వ్యాపారులకు చోటు చూపాలన్నది చట్టంలో ఉన్న కొలత. పేరు ఎక్కించుకోవడానికి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సిబ్బందిని గానీ వార్డు సచివాలయాన్ని గానీ కలవండి. సర్టిఫికెట్ ఒకే చోట స్థిరంగా అమ్మేవాళ్లకా, తిరుగుతూ అమ్మేవాళ్లకా అన్నది వేరువేరు కోవలు. ట్రక్కు రోజూ ఒకేచోట ఆగేదైతే ‘తిరిగే’ కోవలో రాయించుకోకండి. తర్వాత అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

ఈ చట్టంలో చాలామంది చూడని మెలిక ఒకటుంది. సర్టిఫికెట్ తీసుకునేవాళ్లు స్వయంగా గానీ కుటుంబ సభ్యుల ద్వారా గానీ వ్యాపారం చేస్తామని, వేరే జీవనాధారం లేదని రాసివ్వాలి. మీ ఆయనకు ఉద్యోగం ఉండి, ఆయన పేరు మీద ట్రక్కు పెట్టి, ఇద్దరు కుర్రాళ్లను జీతానికి పెట్టుకుంటే ఆ రాత అబద్ధమవుతుంది. పెట్టుబడి పెట్టి నడిపించే ట్రక్కులకు ఈ దారి సరిపడదు.

పంచాయతీ అయితే లెక్క వేరు. 2014 చట్టంలో ‘స్థానిక సంస్థ’ అంటే పట్టణ సంస్థలే. గ్రామ పంచాయతీలో వెండింగ్ కమిటీ ఉండదు, వెండింగ్ సర్టిఫికెట్టూ ఉండదు. అక్కడ 1994 పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీ కార్యదర్శి దగ్గర వ్యాపార లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. సర్పంచి గారు నోటిమాటగా ‘పెట్టుకోమ్మా’ అన్నది అనుమతి కాదు. పంచాయతీ తీర్మానం నంబరు, తేదీ, చోటు పేరు ఉన్న కాగితం కావాలి.

పంచాయతీలో ఉన్న రోడ్డల్లా పంచాయతీది కాదు. ఆర్ అండ్ బీ రోడ్డయితే మార్జిన్ కూడా ఆ శాఖదే. రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట వెళ్లే 71వ నంబరు లాంటి జాతీయ రహదారి అయితే, 2002 నాటి జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం కింద రహదారి అధికారుల అనుమతి లేకుండా ఆ భూమిని ఆక్రమించకూడదు. పంచాయతీ రసీదు అక్కడ పనికిరాదు. రైల్వే స్థలంలో 2014 చట్టమే వర్తించదని అందులోనే రాసుంది. ఇక తిరుమల కొండ పూర్తిగా టీటీడీ వ్యవహారం, కింది కాగితాలేవీ అలిపిరి దాటవు.

మా సలహా అడిగితే, మీ లేఅవుట్‌లో రోడ్డుకు ఆనుకున్న ఖాళీ ప్లాటు ఎవరిదో కనుక్కొని అద్దెకు తీసుకోండి. 11 నెలల ఒప్పందం రాతపూర్వకంగా రాసుకోండి. మన రాష్ట్రంలో ఏడాది లోపు ఒప్పందానికీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ట్రక్కు మొత్తం, తినేవాళ్లు నిలబడే చోటు, వాళ్ల బైకులు, అన్నీ ప్లాటు హద్దు లోపలే ఉండాలి. అద్దె ఖర్చవుతుంది, నిజమే. కానీ రోడ్డు మీద పెట్టి రోజూ గుండె చేత్తో పట్టుకుని దోసె వేసే కన్నా అది చవక. వ్యాపార లైసెన్సు, ఆహార రిజిస్ట్రేషన్ మాత్రం ప్లాటులో పెట్టినా తప్పవు. అన్నమయ్య సర్కిల్ ఆలోచన పక్కన పెట్టమనే చెబుతాం.

ప్రశ్న: రోజూ సాయంత్రం ఆశీలు కాంట్రాక్టరు మనిషి వచ్చి డబ్బు తీసుకుని రసీదు ఇస్తాడు. రెండేళ్ల రసీదులు దాచాను. ఇక వేరే లైసెన్సు ఎందుకు?
– పాఠకుడు, తిరుచానూరు

జవాబు: ఆశీలు చోటు వాడుకున్నందుకు కట్టే రుసుము, వ్యాపారానికి అనుమతి కాదు. అయినా రసీదులు పారేయకండి. ఫలానా తేదీ నుంచి ఫలానా చోట అమ్ముతున్నారనడానికి అంతకు మించిన సాక్ష్యం దొరకదు. పట్టణ పరిధిలో సర్వేకు వచ్చినప్పుడు బాగా అక్కరకొస్తాయి. తేదీ, చోటు, పుస్తకం నంబరు లేని రసీదైతే తీసుకోకండి. రసీదే ఇవ్వకుండా తీసుకునేదానికి ఆశీలు అని పేరు పెట్టడం తప్పు, దానికి వేరే పేరుందని మీకూ తెలుసు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో చిన్న గూడ్సు బండి కొన్నాను. బాడీ కట్టే మేస్త్రీ ‘ఆర్సీలో మార్పులు అవసరం లేదు, అందరూ ఇట్లే చేస్తున్నారు’ అంటున్నాడు. బండి బరువు గురించి కూడా ఏం ఆలోచించాలో చెప్పండి.
– పాఠకుడు, రేణిగుంట

జవాబు: మేస్త్రీకి బాడీ కట్టడం తెలుసు, జరిమానా కట్టేది మాత్రం మీరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. గూడ్సు బండిగా బీమా ఉండి, లోపల పొయ్యి వెలుగుతూ ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరించడానికి కంపెనీ చేతికి మీరే కారణం ఇచ్చినవాళ్లవుతారు.

పని వరుస ఇదీ. బాడీ మొదలెట్టక ముందే కొలతలతో డ్రాయింగు గీయించి రవాణా కార్యాలయంలో అనుమతికి పెట్టండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఫైనాన్సర్ రాతపూర్వక ఒప్పుకోలు జత చేయండి. అనుమతి వచ్చాకే కటింగు. పని పూర్తయ్యాక 14 రోజుల్లోపు ఆర్సీతో సహా తెలియజేయాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి బాడీ రకం, ఖాళీ బరువు ఆర్సీలో ఎక్కించాక, ఆ కాపీతో బీమా కంపెనీకి ఉత్తరం పెట్టి పాలసీలో మార్పు రాయించుకోండి. ఫిట్‌నెస్ గడువు కూడా చూసుకోండి. ఎనిమిదేళ్ల లోపు రవాణా బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏడాదికోసారి. సెకండ్‌హ్యాండ్ బండ్లు చాలావరకు ఈ ఏడాదికోసారి కోవలోనే ఉంటాయి.

బరువు విషయంలో చాలామంది బోల్తా పడతారు, ఒక్కోసారి నిజంగానే. ఈ తరగతి బండ్లు మోయగలిగేది సుమారు 700, 750 కిలోలు. లెక్క వేయండి. ఇనుప చట్రం, రేకు, కౌంటరు కలిపి 280 కిలోలు అనుకుందాం. దోసె పెనం, పొయ్యిలు, ఫ్రిజ్, గ్రైండరు 130. 19 కిలోల కమర్షియల్ సిలిండరు ఖాళీ బరువుతో కలిపి 36 కిలోల దరిదాపు ఉంటుంది, రెండింటికి 72. నీళ్లు 100 లీటర్లంటే 100 కిలోలు. మనుషులు ముగ్గురు, 180. మొత్తం 762. పిండి, కూరగాయలు, పాత్రలు ఇంకా ఎక్కించలేదు! ఓవర్‌లోడు జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది, పైన అదనపు టన్నుకు 2,000.

తగ్గించుకునే దారులున్నాయి. నీళ్లు ఇంటి దగ్గర నింపకుండా అమ్మే చోటికి వెళ్లాక నింపుకోండి. రెండో సిలిండరు వదిలేయండి. గ్రైండరు ట్రక్కులో పెట్టకండి, పిండి ఇంట్లోనే రుబ్బుకోవచ్చు. బరువైనవన్నీ నేల మట్టంలో, ఇరుసుకు దగ్గరగా రావాలి. పైకప్పు మీద నీళ్ల ట్యాంకు పెట్టడం మేస్త్రీలకు ఇష్టం, మోటారు ఖర్చు లేకుండా కుళాయిలో నీళ్లు వస్తాయని. మలుపులో సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఒక పక్కకు ఊగి బండిని తోసేస్తాయి. ట్యాంకు కిందపెట్టి చిన్న 12 వోల్టుల పంపు వేయించండి. పని అయ్యాక కాటా వేయించి చీటీ ఉంచుకోండి. అమ్మే కిటికీ ఎడమ పక్కన, అంటే ఫుట్‌పాత్ వైపు రావాలి. రోడ్డు వైపు కిటికీ పెట్టించుకుంటే తినేవాళ్లు ట్రాఫిక్‌లో నిలబడతారు, అప్పుడు ఏ అనుమతి ఉన్నా నిలవదు.

ప్రశ్న: మా పట్టణంలో సిబ్బంది వచ్చి నా బండి మీద పొయ్యి, సిలిండరు, పిండి గిన్నెలు ఎత్తుకెళ్లారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. నా దగ్గర వెండింగ్ కార్డు ఉంది. తిరిగి ఎట్లా తెచ్చుకోవాలి?
– పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: కార్డు ఉంది కాబట్టి మీ మాటకు బలం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం చెప్పే వరుస ఇది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటినా కదలకపోతే రోజుకు 250 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, అదీ సరుకు విలువ మించకుండా. అప్పుడు అవసరమనుకుంటే సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. స్వాధీనం చేసుకున్నాక జాబితా రాసి, అధికారి సంతకంతో కాపీ మీకు ఇవ్వాలి. మీరు అడిగాక, తగిన రుసుము కట్టించుకుని, పాడయ్యే సరుకును అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. ఇదంతా 18, 19 సెక్షన్లలో ఉంది.

‘అడిగాక’ అన్న మాట గమనించండి. గడువు మీరు అడిగిన గంట నుంచే నడుస్తుంది. ఆఫీసు చుట్టూ తిరిగి నోటితో అడిగితే ఎప్పుడు అడిగారో రుజువుండదు. తెల్లకాగితం మీద కమిషనర్ పేర రాసి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. అందులో ఇవి చాలు: మీ కార్డు నంబరు, కేటాయించిన చోటు, తీసుకెళ్లిన తేదీ, గంట, ఒక్కో వస్తువు పేరు, సంఖ్య, సుమారు విలువ, నోటీసు గానీ జాబితా గానీ ఇవ్వలేదన్న సంగతి, 19వ సెక్షన్ ప్రకారం తిరిగి ఇవ్వమన్న విన్నపం. కోపమంతా కాగితం మీద పెట్టకండి, అరపేజీ దాటకుండా రాయండి. సిలిండరు సీరియల్ నంబరు గ్యాస్ రసీదులో ఉంటే అదీ రాయండి. గోదాములో ఒకేలా ఉన్న పాతిక సిలిండర్ల మధ్య మీది తేల్చుకోవడం అప్పుడే కుదురుతుంది.

స్పందన రాకపోతే, ఈ చట్టం కింద వివాదాల పరిష్కార కమిటీ ఉండాలి, సివిల్ జడ్జిగానో జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌గానో పనిచేసినవాళ్లు దానికి అధ్యక్షులు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినా, 1100కు ఫోన్ చేసి నమోదు చేయించినా నంబరు వస్తుంది, దాన్ని పట్టుకుని అడగవచ్చు. మీరు నిలిపిన చోటు అమ్మకాలకు కేటాయించిన వెండింగ్ జోనేనా అన్నది తేలాలంటే సమాచార హక్కు కింద జోన్ల పటం, కమిటీ తీర్మానం కాపీ అడగండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు.

ఇప్పుడు అవతలి పక్షం కూడా చెప్పాలి. కార్డులో రాసిన చోటు కాకుండా వేరేచోట నిలిపి ఉంటే ఈ రక్షణ చాలావరకు జారిపోతుంది. షరతులు మీరితే 2,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ట్రక్కులవాళ్లకు ఇంకో ప్రమాదం: తోపుడు బండికి లేని బెడద మోటారు బండికి ఉంటుంది. నో పార్కింగ్‌లో ఉన్నా, బహిరంగ స్థలంలో 10 గంటలకు మించి మనిషి లేకుండా వదిలేసినా పోలీసులు మోటారు వాహనాల చట్టం కింద లాక్కెళ్లవచ్చు. అప్పుడు వెండింగ్ కార్డు చూపించి ప్రయోజనం లేదు. రాత్రికి ట్రక్కును అమ్మేచోటే తాళం వేసి వదిలి వెళ్లే అలవాటు మానుకోండి.

ప్రశ్న: నా కార్డు మా బావమరిదికి నెలకు ఇంత అని ఇవ్వొచ్చా? ఆరోగ్యం బాగాలేదు.
– పాఠకుడు, తిరుపతి

జవాబు: అద్దెకు ఇవ్వకూడదు, ఏ రూపంలోనూ బదలాయించకూడదు. బయటపడితే కార్డు రద్దవుతుంది, అయితే రద్దుకు ముందు మీ వాదన వినాలి. జబ్బు చేసినా, శాశ్వతంగా పనిచేయలేని స్థితి వచ్చినా భార్య గానీ, మీమీద ఆధారపడిన బిడ్డ గానీ గడువు తీరేదాకా మీ చోట అమ్మవచ్చు. బావమరిది ఆ వరుసలో లేడు. మీ భార్య కూర్చుని, ఆయన చేయి సాయం చేస్తే అది వేరే సంగతి.

ప్రశ్న: ట్రక్కులో గ్యాస్ అమర్చుకోవడం గురించి వివరంగా చెప్పండి. ఇంటి సిలిండరే వాడితే ఏమవుతుంది? జనరేటరు పెట్టాలా?
– పాఠకులు, మంగళం, చంద్రగిరి

జవాబు: ఇంటి 14.2 కిలోల ఎర్ర సిలిండరును వ్యాపారానికి వాడకూడదు. 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా ఉత్తర్వు కింద అది నేరం, పౌరసరఫరాలవాళ్లు సిలిండరుతో పాటు పొయ్యీ తీసుకెళ్తారు. 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి. అమ్మకం తక్కువైతే 5 కిలోలది చాలు.

ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేలమీద పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు ఇక్కడే పొరబడతారు. గాలిలో రెండు శాతం గ్యాస్ చేరితే నిప్పురవ్వ చాలు. ఫ్రిజ్ మోటారు, బ్యాటరీ టెర్మినల్, స్విచ్, అన్నీ రవ్వ పుట్టించేవే. అందుకని సిలిండరుకు బయటి నుంచి మాత్రమే తెరుచుకునే విడి అర కట్టించండి. వంట వైపు రేకు పూర్తిగా మూసి ఉండాలి, అర అడుగున బయటికి రంధ్రాలు ఉండాలి. వంట భాగంలో కూడా నేల మట్టంలో రెండు పక్కలా జాలీలు వదలండి. సిలిండరు నిలువుగా, పట్టీతో బిగించి ఉండాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటరులోకి వచ్చి మంట ఉన్నట్టుండి ఎగుస్తుంది.

గొట్టం రేకు గుండా వచ్చేచోట రబ్బరు వాషరు వేయకపోవడం మామూలుగా కనిపించే తప్పు. స్పీడు బ్రేకర్ల మీద బండి కుదిపినప్పుడల్లా రేకు అంచు గొట్టాన్ని కోస్తుంటుంది, మూడు నెలల్లో తెగుతుంది, ఆ చోటు కంటికి కనబడదు కూడా. హైప్రెషర్ పొయ్యికి హైప్రెషర్ గొట్టమే వాడండి. ఇంట్లో వాడే సురక్ష గొట్టం తక్కువ ఒత్తిడికి తయారైనది. పొడవు మీటరున్నర దాటనీయకండి. అతుకులు సబ్బు నురుగుతో చూడండి, అగ్గిపుల్లతో కాదు. బండి కదిలే ముందు వాల్వు కట్టేసి, రెగ్యులేటరు తీసి, సేఫ్టీ మూత బిగించడం డ్రైవరు పనుల్లో ఒకటిగా పెట్టండి.

మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు తలుపు పక్కన వేలాడదీయండి. పొయ్యి వెనక పెడితే మంట దాటి తీసుకోవలసి వస్తుంది. నూనె బాండీకి సరిపోయే మూత ఒకటి ఎప్పుడూ చేతికందాలి. నూనె అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత వేయడమే. నీళ్లు పోస్తే నీరు అడుగున ఆవిరై మండే నూనెను పైకప్పు దాకా చిమ్ముతుంది. చిమ్నీ జాలీ ప్రతి రాత్రి వేడినీళ్లతో కడగాలి. ట్రక్కు మంటలు బాండీలో మొదలైనా, పెద్దవయ్యేది ఆ జిడ్డు పట్టిన చిమ్నీ గొట్టంలోనే.

జనరేటరు గురించి: ఫ్రిజ్ 150 వాట్లు, ఫ్యాను 100, దీపాలు 60 అనుకుంటే 310. ఇంత చిన్న లోడుకు జనరేటరు వద్దు. 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ బ్యాటరీలో పేరుకు 1,800 వాట్ అవర్లు, నమ్మకంగా వాడుకోగలిగేది అందులో 60 శాతం. అంటే మూడున్నర గంటలు. రెండు బ్యాటరీలతో సాయంత్రం గడిచిపోతుంది. పక్క ఇంటి మీటరు నుంచి వైరు లాక్కోవడం మాత్రం ఆ ఇంటివాళ్లకే ముప్పు. గృహ కనెక్షన్‌ను వ్యాపారానికి ఇస్తే విద్యుత్ చట్టం 126 కింద రెట్టింపు రేటున లెక్క కడతారు.

ప్రశ్న: పిండి, చట్నీ ఇంట్లో చేసి ట్రక్కులో అమ్ముతాం. ఆహార లైసెన్సు ఇంటికా, ట్రక్కుకా?
– పాఠకురాలు, పేరూరు

జవాబు: రెండు చోట్లా ఆహారం తయారవుతోంది కాబట్టి రెండూ చూపాలి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, టర్నోవరు పెద్దదైతే స్టేట్ లైసెన్సు. ఆ హద్దు ఎంతన్నది దరఖాస్తు రోజున పోర్టల్‌లోనే చూసుకోండి. 14 అంకెల నంబరు కొనేవాళ్లకు కనబడేలా ట్రక్కు మీద రాయించాలి. వంట చేసేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష ధ్రువపత్రం ఉండాలి.

తనిఖీలో కాగితాల కన్నా ఎక్కువగా పట్టుబడేవి వేరే. వేడిగా అమ్మేది 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో ఉన్నదంతా క్రిములు పెరిగే చోటు. మన ఎండల్లో కొబ్బరి చట్నీ ఒకేసారి పెద్ద డబ్బాలో తెచ్చి కౌంటరు మీద పెడితే చెడటానికి ఎంతోసేపు పట్టదు. నాలుగు చిన్న డబ్బాల్లో తెచ్చి, ఒకటి బయట, మూడు ఐసులో ఉంచండి. బయటిది రెండు గంటలు దాటితే పారబోయండి, మిగిలినదాన్ని కొత్త డబ్బాలో కలపకండి. పునుగుల నూనెలో పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటకూడదన్నది 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అది కొలిచే మీటరు లేనివాళ్లు నురుగు చూడండి. పిండి వేయగానే నురుగు బాండీ అంతా కమ్మి, సన్నమంట మీదే పొగ వస్తే ఆ నూనె అయిపోయినట్టే. దానిలో కొత్త నూనె కలిపితే కొత్తది పాడవుతుంది తప్ప పాతది బాగుపడదు. మంచూరియాకు ఎర్ర రంగు వేయకండి. వేయించినవాటిని వార్తాపత్రికలో పెట్టి ఇవ్వడం కూడా నిషిద్ధమే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, గ్లాసులకూ నిషేధం ఉంది. విస్తరాకు దొన్నెలు వాడండి, తిరుపతిలో వాటికి కొరత లేదు.

వాడిన నీళ్ల ట్యాంకు మంచినీళ్ల ట్యాంకు కన్నా పెద్దదిగా ఉండాలి. 100 లీటర్లు తెస్తే 120 పట్టేది పెట్టండి. గంజి, నూనె, మెతుకులు అన్నీ అందులోకే వస్తాయి కదా. దాన్ని పక్క కాలువలో వదిలారంటే కింది ఉత్తరం లాంటిది మీమీద రాస్తారు.

ప్రశ్న: మా కాలనీ గేటు దగ్గర నాలుగు ట్రక్కులు. అర్ధరాత్రి దాకా జనరేటర్లు, పాటలు. కాలువ నూనెతో పూడిపోయింది. వాటిని శాశ్వతంగా తీయించడం ఎట్లా?
– కాలనీవాసులు, తిరుపతి రూరల్

జవాబు: ‘తీయించండి’ అని రాసే అర్జీలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఒకరోజు దాడి, నాలుగు రోజుల విరామం, అయిదో రోజు మళ్లీ అవే ట్రక్కులు. మీరూ అక్కడే పొంగణాలు కొంటున్నారన్న మాట కూడా ఆలోచించండి. దేనికి ఎవరు బాధ్యులో విడదీసి రాస్తే పని జరుగుతుంది.

శబ్దానికి 2000 నాటి నియమాలున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి 6 దాకా, ఆ సమయంలో స్పీకర్లు పెట్టకూడదు. దీనికి పోలీసు స్టేషన్‌లో ఇవ్వండి. కాలువ సంగతి పంచాయతీది. పూడిన చోటు ఫొటో తేదీతో తీసి కార్యదర్శికి ఇవ్వండి. నూనె చల్లారాక గోడకు పట్టి గట్టిపడుతుంది, దానికి మెతుకులు అతుక్కుని వానొచ్చినప్పుడు నీళ్లు వీధిలోకి ఎగదన్నుతాయి. మామూలు పూడిక తీస్తే అది పోదు, గీకాలి. ఆ ఖర్చు ట్రక్కుల నుంచి రాబట్టే షరతు లైసెన్సులో పెట్టమని అడగండి.

గ్రామసభలో పెట్టవలసిన తీర్మానం ఇలా ఉంటే నిలబడుతుంది: ఈ రోడ్డులో ఎన్ని ట్రక్కులు, ఏ నంబర్లవి, ఏ గంట నుంచి ఏ గంటదాకా, కాలనీ గేటుకు, మలుపుకు ఎన్ని మీటర్ల దూరంలో, వాడిన నీళ్లు ఎక్కడ పోయాలి, చెత్త ఎవరు ఎత్తాలి, తప్పితే ఎంత జరిమానా. అంబులెన్సు, ఫైరింజను తిరిగే వెడల్పు వదలాలన్నది మొదటి షరతుగా రాయించండి, దాన్ని ఎవరూ కాదనలేరు. ట్రక్కులవాళ్లను కూడా ఆ సభకు పిలవండి. గ్రామ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు కాబట్టి ఆ నాలుగింటిలో ఎన్నింటికి లైసెన్సు ఉందో ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: పంచాయతీలో ఉంటాం, టౌనులో అమ్ముతాం. వీధి వ్యాపారులకు కేంద్రం ఇచ్చే స్వనిధి రుణం మాకు వస్తుందా?
– పాఠకుడు, కరకంబాడి

జవాబు: వస్తుంది. చూసేది మీ ఇల్లు కాదు, అమ్మే చోటు. సర్వేలో పేరు లేకపోతే పట్టణ సంస్థ నుంచి సిఫారసు ఉత్తరం తీసుకోండి. 2025లో పెంచాక విడతలు 15,000, 25,000, 50,000. పథకం 2030 మార్చి 31 దాకా పొడిగించారు. ట్రక్కు కొనడానికి ఇవి చాలవు, సరుకుకు వాడుకోండి.

ప్రశ్న: స్కూలు గేటు ఎదురుగా పెట్టొచ్చా? మధ్యాహ్నం గిరాకీ బాగుంటుంది.
– పాఠకుడు, చిత్తూరు

జవాబు: కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవాటిని బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. బజ్జీలు, చిప్స్, కూల్‌డ్రింకులు అందులోకే వస్తాయి. టేపుతో కొలిచి 50 దాటాక నిలపండి. ఇడ్లీ, రాగి సంగటికి ఈ చిక్కు లేదు గానీ, బడి వదిలే సమయంలో గేటు ముందు ఏ బండీ నిలపకుండా ఉంటేనే మంచిది.